సూక్ష్మదర్శిని స్లైడ్ల డిజిటలీకరణ: శిలీంద్ర నిర్ధారణలో లోతు ప్రాధాన్యం

స్లైడును స్కానరుతో చిత్రించి, దూరాన ఉన్న నిపుణుడు కంప్యూటరు తెరపై పరిశీలించే విధానం వైద్యరంగంలో స్థిరపడింది. ప్రాథమిక రోగనిర్ధారణకు ఇటువంటి పరికరాన్ని అమెరికా 2017లో తొలిసారిగా అనుమతించింది. మొక్కల తెగుళ్ల నిర్ధారణకు కూడా ఈ విధానం ఉపకరిస్తుంది. అయితే 3-5 మైక్రాన్ల మందం గల కణజాలపు కోతకు సరిపడే పద్ధతి, గుండ్రని శిలీంద్ర సిద్ధబీజాలకు యథాతథంగా సరిపోదు.

ఇందుకు గోధుమలో కర్నాల్ బంట్ తెగులు మంచి ఉదాహరణ. 1931లో కర్నాల్‌లో తొలిసారిగా గుర్తించిన ఈ తెగులుకు కారకం టిల్లీషియా ఇండికా. ఇది 1996లో అమెరికాలోని అరిజోనాలో బయటపడింది. తదుపరి తనిఖీలలో రైగ్రాస్ గడ్డిని ఆశించే మరొక శిలీంద్రపు టీలియోస్పోర్లు గోధుమ విత్తనాలలో కనిపించి సందిగ్ధతకు దారితీశాయి. దానికి 1999లో టిల్లీషియా వాకెరీ అని నామకరణం చేశారు. ఈ రెండింటి పరిమాణాలు చాలావరకు కలిసిపోతాయి. కనుక పైపొరపై ముళ్ల అమరికనూ, అంచు వద్ద వాటి ఆకృతినీ పోల్చవలసి ఉంటుంది. మొదటిది స్పోరు ఉపరితలంపై, రెండవది మధ్యతలంపై ఫోకస్ చేసినప్పుడే కనిపిస్తుంది. 40 రెట్ల ఆబ్జెక్టివ్‌తో ఒకేసారి స్పష్టంగా కనిపించే లోతు సుమారు 1 మైక్రాను మాత్రమే. అందువలన ఒకే తలంలో తీసిన చిత్రంలో ఏదో ఒక లక్షణం లోపిస్తుంది. పొరపాటు నిర్ధారణ వలన ధాన్యపు ఎగుమతులు అకారణంగా నిలిచిపోవచ్చు, లేదా క్వారంటైన్ తెగులు కొత్త ప్రాంతంలో ప్రవేశించవచ్చు.

పిక్సెలుకు 0.25 మైక్రాను చొప్పున 15 మి.మీ. చదరాన్ని స్కాన్ చేస్తే 360 కోట్ల పిక్సెళ్లు, అనగా కుదింపుకు ముందు 10.8 గిగాబైట్లు వస్తాయి. మొత్తం స్లైడును 40 తలాలలో చిత్రించడం ఆచరణయోగ్యం కాదు. ఎంపిక చేసిన 1 మి.మీ. చదరానికి మాత్రం 40 తలాలకు 1.92 గిగాబైట్లు చాలును. చిత్రాన్ని వివిధ స్థాయిలలో చిన్న ముక్కలుగా భద్రపరచినట్లయితే, వీక్షకుడు చూస్తున్న భాగం మాత్రమే అంతర్జాలం ద్వారా చేరుతుంది.

పాటించవలసిన అంశాలు:

1. 0.17 మి.మీ. కవర్ గ్లాసు వాడి, ద్రవం ఆరకుండా అంచులను మూసివేయాలి.
2. ముందుగా తక్కువ వర్ధనంలో మొత్తం స్లైడును, తరువాత ఎంపిక చేసిన భాగాన్ని 1 మైక్రాను అంతరంతో చిత్రించాలి.
3. పంట, నమూనా సేకరించిన ప్రదేశం, తేదీ, రంజకం, కొలబద్ద వివరాలను చిత్రానికి జతపరచాలి.
4. అసలు స్లైడును, నమూనాను భద్రపరచాలి. సందేహాస్పద స్పోర్లను అణుపరీక్షతో ధ్రువీకరించాలి.

డిజిటల్ స్లైడు విలువ దాని పిక్సెళ్ల సంఖ్యపై మాత్రమే ఆధారపడదు. నిర్ధారణకు అవసరమైన తలాలన్నీ అందులో ఉన్నప్పుడే అది అసలు స్లైడుకు ప్రత్యామ్నాయం కాగలదు.