విండోస్ మారాక వైఫై ఆగుతోందా? తప్పెక్కడుందో ఇంట్లోనే తెలుసుకోండి



విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ కారణంగా చాలా ఇళ్లలో పిల్లలు చదువుకునే ల్యాప్‌టాప్‌లను విండోస్ 11కు మార్చుకున్నారు. మార్చుకున్నాక కొన్ని ఇళ్లలో ఒక కొత్త సమస్య మొదలవుతుంది. వైఫై గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, కానీ పేజీ తెరుచుకోదు. రెండు నిమిషాలకు దానంతటదే వస్తుంది. పావుగంట తర్వాత మళ్లీ పోతుంది.

నెట్ పూర్తిగా పోతే కారణం తొందరగా దొరుకుతుంది. వస్తూ పోతూ ఉంటేనే చిక్కు. మెకానిక్ వచ్చిన సమయానికి అంతా బాగానే ఉంటుంది. పిల్లలు ఆన్‌లైన్ టెస్టుకు కూర్చున్నప్పుడు ఆగిపోతుంది. టైమర్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. "నెట్ పోయింది" అని వాళ్లు చెబితే సాకు చెబుతున్నారేమో అని మనకు అనుమానం. రూటర్ పాడైందేమో అనుకుని కొత్తది కొంటాం, అయినా సమస్య తీరదు. ఇలా డబ్బూ పోతుంది, ఇంట్లో నమ్మకమూ పోతుంది.

సైన్సు ల్యాబ్‌లో మన పిల్లలు నేర్చుకునే నియమమే ఇక్కడా పనికొస్తుంది: ఒక ప్రయోగంలో ఒక్క అంశాన్నే మార్చాలి, మిగతావి అలాగే ఉంచాలి, చూసింది రాసుకోవాలి. కంగారులో ఒకేసారి పది సెట్టింగులు మారిస్తే నెట్ బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. మళ్లీ చెడితే మొదటికే వస్తాం.

అప్‌గ్రేడ్‌తో ఏం మారుతుంది?

ల్యాప్‌టాప్‌లోని వైఫై చిప్‌కు, విండోస్‌కు మధ్య డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అది దుబాసీ లాంటిది. ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేలా చెబుతుంది. విండోస్ మారినప్పుడు ఆ డ్రైవర్ కూడా మారవచ్చు. ల్యాప్‌టాప్ కంపెనీ ఆ మోడల్ కోసం ఇచ్చిన డ్రైవర్ పోయి, సాధారణ డ్రైవర్ రావచ్చు. లేదా పాత విండోస్ కోసం రాసిన డ్రైవరే కొత్త దానిలో కొనసాగుతూ మధ్యమధ్యలో తడబడవచ్చు.

ఇంకా మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, బ్యాటరీ ఆదా కోసం వైఫై చిప్‌ను నిద్రపుచ్చే సెట్టింగు మళ్లీ మొదటి స్థితికి వచ్చి ఉండవచ్చు. రెండు, పాత యాంటీవైరస్, వీపీఎన్ ప్రోగ్రాంలు కొత్త విండోస్‌తో పొసగక నెట్‌కు అడ్డుపడవచ్చు. మూడు, అప్‌గ్రేడ్ అయిన మొదటి ఒకటి రెండు రోజులు ల్యాప్‌టాప్ మనకు కనిపించకుండా పెద్ద పెద్ద అప్‌డేట్లు దించుకుంటూ ఉంటుంది. అప్పుడు నెట్ నెమ్మదించడం లోపం కాదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి, అన్నీ పూర్తయ్యాయో లేదో ముందు చూడండి.

మొదటి మెట్టు: ఎక్కడ తెగుతోంది?

నెట్ మన ల్యాప్‌టాప్‌కు రెండు అంచెల్లో చేరుతుంది. బయటి నుంచి రూటర్ దాకా ఒక అంచె. రూటర్ నుంచి ల్యాప్‌టాప్ దాకా రెండో అంచె. వైఫై గుర్తు నిండుగా ఉందంటే రెండో అంచెలో సంకేతం బాగా అందుతోందని మాత్రమే అర్థం, బయటి నుంచి నెట్ వస్తోందని కాదు.

అన్నిటికన్నా సులువైన పరీక్ష ఫోన్‌తో చేయవచ్చు. ల్యాప్‌టాప్‌లో నెట్ ఆగిన క్షణంలోనే, అదే గదిలో, అదే వైఫైతో ఫోన్‌లో ఏదైనా కొత్త పేజీ తెరవండి. ఫోన్‌లో మొబైల్ డేటా మాత్రం ఆపేయాలి. లేదంటే ఫోన్ దానికి మారిపోయి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఫోన్‌లో వస్తూ ల్యాప్‌టాప్‌లో రాకపోతే అనుమానం ల్యాప్‌టాప్ మీదే. రెండింటిలోనూ రాకపోతే రూటర్‌నో బయటి లైనునో అనుమానించాలి.

ఇంకాస్త కచ్చితంగా తెలియాలంటే పింగ్ ఉంది. అవతలి యంత్రాన్ని "ఉన్నావా?" అని పలకరించి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో ఇది చూపిస్తుంది. స్టార్ట్ మెనూలో సి, ఎం, డి అనే ఇంగ్లిషు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల తెర వస్తుంది. అందులో పి, ఐ, ఎన్, జి అక్షరాలు కొట్టి, ఖాళీ వదిలి, రూటర్ చిరునామా వేయండి. మళ్లీ ఖాళీ వదిలి హైఫన్, దాని వెంటనే చిన్న టి అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. రూటర్ చిరునామా సాధారణంగా రూటర్ కింద అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. చాలా వాటికి అది 192.168.1.1 లేదా 192.168.0.1.

ఇలాగే ఇంకో నల్ల తెర తెరిచి, రూటర్ చిరునామా బదులు 8.8.8.8 వేయండి. అది గూగుల్ వారి సర్వర్ చిరునామా, అంటే మన ఇంటి బయటిది. రెండు తెరలనూ పక్కపక్కన పెట్టి పావుగంట నడవనివ్వండి. ఆపాలంటే కంట్రోల్, సి కలిపి నొక్కితే చాలు. నెట్ ఆగినప్పుడు "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అనే వరుస ఏ తెరలో వచ్చిందో చూడండి.

• రెండు తెరల్లోనూ ఒకేసారి వస్తే ల్యాప్‌టాప్‌కు, రూటర్‌కు మధ్యే తెగుతోంది. ఆ సమయంలో ఫోన్ నడుస్తుంటే లోపం ల్యాప్‌టాప్‌దే.

• రూటర్ జవాబిస్తూ 8.8.8.8 మాత్రం జవాబివ్వకపోతే బయటి లైనులో లోపం ఉండవచ్చు. ఫోన్‌లోనూ నెట్ ఆగితే అది ఖాయమైనట్టే. ఫైబర్ కనెక్షన్ అయితే పెట్టెపై ఎల్, ఓ, ఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలుగుతోందేమో చూడండి. వెలిగితే కాంతి సంకేతం అందడం లేదని అర్థం. నెట్ కనెక్షన్ ఇచ్చినవారికి ఆగిన సమయాలు చెప్పి ఫిర్యాదు చేయండి. విండోస్‌ను ముట్టుకోవద్దు.

• రెండూ జవాబిస్తూనే ఉన్నా పేజీ తెరుచుకోకపోతే ఆ వెబ్‌సైట్‌నో, బ్రౌజర్‌నో, యాంటీవైరస్‌నో, వీపీఎన్‌నో అనుమానించాలి.

• రూటర్ తెరలో మొదటి నుంచీ ఒక్క జవాబూ లేకుండా, 8.8.8.8 మాత్రం జవాబిస్తుంటే చిరునామా తప్పు కొట్టి ఉంటారు. స్టిక్కర్ మరోసారి చూడండి.

రెండో మెట్టు: నోటుబుక్కులో రాయండి

మూడు రోజుల పాటు, ఆగిన ప్రతిసారీ ఐదు సంగతులు రాయమని మీ అబ్బాయికో అమ్మాయికో చెప్పండి: సమయం, ఏ గది, ఛార్జర్ పెట్టి ఉందా లేదా, ఫోన్‌లో నెట్ ఉందా లేదా, పింగ్ ఏం చూపింది. ఉదాహరణకు ఒక ఇంటి నోటుబుక్కు ఇలా ఉందనుకుందాం.

సోమవారం సాయంత్రం 7:10. చదువుకునే గది. ఛార్జర్ లేదు. ల్యాప్‌టాప్ ఆగింది, ఫోన్ నడిచింది.
మంగళవారం సాయంత్రం 7 నుంచి 8:30 వరకు. అదే గది. ఛార్జర్ పెట్టాం. ఒక్కసారీ ఆగలేదు.
బుధవారం సాయంత్రం 7:25. హాలులో, రూటర్ పక్కనే. ఛార్జర్ లేదు. ల్యాప్‌టాప్ ఆగింది, ఫోన్ నడిచింది.

ఈ మూడు వరుసలు చదివి మీ పిల్లలనే కారణం చెప్పమనండి. దూరం కారణమైతే రూటర్ పక్కన ఆగకూడదు. బయటి లైను కారణమైతే ఫోన్ కూడా ఆగాలి. ఛార్జర్ లేనప్పుడే ఆగుతోంది కాబట్టి ముందు అనుమానించాల్సింది బ్యాటరీ ఆదా సెట్టింగును. ఈ ఇంట్లో కొత్త రూటర్ కొని ఉంటే ఆ డబ్బు వృథా అయ్యేది.

మూడో మెట్టు: రోజుకు ఒక్క మార్పు

లోపం ల్యాప్‌టాప్‌దేనని తేలితే కింది వాటిని ఈ వరుసలోనే ప్రయత్నించండి. ముందున్నవి ప్రమాదం లేనివి, చివరివి పెద్ద మార్పులు. ఒకటి చేశాక ఒక రోజు చూసి, తగ్గకపోతేనే తర్వాతిదానికి వెళ్లండి. నోటుబుక్కు ముందే ఒక కారణాన్ని చూపిస్తే దానితోనే మొదలుపెట్టండి.

1. రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం, రీస్టార్ట్ చేయడం ఒకటి కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న ల్యాప్‌టాప్ షట్‌డౌన్‌లో కొంత స్థితిని దాచుకుని, ఆన్ చేయగానే దాన్నే మళ్లీ తెస్తుంది. రీస్టార్ట్‌లో అంతా కొత్తగా మొదలవుతుంది.

2. వైఫై జాబితాలో మీ నెట్‌వర్క్ పేరు మీద ఫర్గెట్ నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి మళ్లీ కలపండి.

3. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై పేరు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కు వెళ్లండి. అక్కడ పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో, విద్యుత్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చనే వాక్యం పక్కనున్న టిక్కు తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ పేజీ ఉండదు. అప్పుడు సెట్టింగ్స్‌లో పవర్ మోడ్‌ను బెస్ట్ పర్ఫార్మెన్స్‌కు మార్చి చూడండి.

4. అదే ప్రాపర్టీస్‌లో డ్రైవర్ పేజీ చూడండి. రోల్ బ్యాక్ డ్రైవర్ బటన్ పనిచేస్తుంటే నొక్కండి, పాత డ్రైవర్ తిరిగి వస్తుంది. ఆ బటన్ మసకగా ఉంటే ల్యాప్‌టాప్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరు ఇచ్చి, విండోస్ 11 వైఫై డ్రైవర్ దించుకోండి. నెట్ నిలవకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సరిపోతుంది.

5. మీ రూటర్ రెండు బ్యాండ్లు ఇస్తుంటే ఒకదాని నుంచి ఇంకోదానికి మారి చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు దూరం వెళుతుంది, కానీ అపార్ట్‌మెంట్లలో పక్క ఇళ్ల వైఫైలతో, మైక్రోవేవ్ ఓవెన్‌తో, బ్లూటూత్‌తో చోటు పంచుకోవాలి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఆ రద్దీ తక్కువ, కానీ గోడలు దాటే కొద్దీ బలహీనపడుతుంది.

6. వీపీఎన్ ఉంటే ఆపి చూడండి. బయటి యాంటీవైరస్ ఉంటే కొత్త వెర్షన్‌కు మార్చండి.

7. ఇవేవీ పనిచేయకపోతే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ కింద నెట్‌వర్క్ రీసెట్ ఉంటుంది. అది నెట్ సెట్టింగులన్నిటినీ మొదటి స్థితికి తెస్తుంది. వైఫై పాస్‌వర్డ్ ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

8. చివరి దారి పాత విండోస్‌కు తిరిగి వెళ్లడం. అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల లోపే సెట్టింగ్స్‌లో రికవరీ కింద గో బ్యాక్ పనిచేస్తుంది. ముందు పిల్లల ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకోండి. అయితే విండోస్ 10కు మద్దతు ముగిసింది కాబట్టి దీన్ని తాత్కాలిక ఏర్పాటుగానే చూడాలి.

డ్రైవర్ పేరుతో మోసాలు

వైఫై డ్రైవర్ కోసం గూగుల్‌లో వెతికితే ఉచిత డ్రైవర్ అప్‌డేటర్ అంటూ ప్రకటనలు కనిపిస్తాయి. వాటిని దించుకోవద్దు. తెర మీద ఫోన్ నంబరు చూపించి "మీ కంప్యూటర్ పాడైంది, వెంటనే కాల్ చేయండి" అనే పేజీలు మోసాలు. తెలియని వాళ్లు చెప్పారని దూరం నుంచి ల్యాప్‌టాప్ నడిపే యాప్‌లు ఎక్కించవద్దు. ఆ ల్యాప్‌టాప్‌లోనే మీ బ్యాంకు లావాదేవీలు కూడా ఉండవచ్చు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

టెస్టు రోజు

టెస్టులు దగ్గరలో ఉంటే అప్‌గ్రేడ్ వాయిదా వేయండి. చేయక తప్పకపోతే వారం ముందే చేసి, పైన చెప్పిన పావుగంట పరీక్ష పెట్టండి. టెస్టు రోజు ఎల్ఏఎన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ను నేరుగా రూటర్‌కు కలిపితే వైఫై గొడవే ఉండదు. కేబుల్ పెట్టే చోటు లేని పలచని ల్యాప్‌టాప్‌లకు యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది. ఫోన్ హాట్‌స్పాట్‌ను ముందు రోజే ఒకసారి కలిపి చూసి సిద్ధంగా ఉంచండి. అయినా నెట్ ఆగితే సమయం కనిపించేలా తెరను ఫోన్‌తో ఫొటో తీసి, టెస్టు అయ్యాక క్లాస్ టీచర్‌కు పంపండి.

ఈ నెల పిల్లలతో కలిసి చేయండి

• రెండు నల్ల తెరల పరీక్ష మీ పిల్లల చేత చేయించండి. రూటర్ జవాబుకు, 8.8.8.8 జవాబుకు పట్టిన సమయాల్లో తేడా ఎంతో, ఎందుకో వాళ్లనే చెప్పమనండి.

• అదే పరీక్ష రూటర్ ఉన్న గదిలో ఒకసారి, రెండు గోడల అవతల ఒకసారి చేసి, సమయాలను గ్రాఫ్ కాగితం మీద గీయమనండి.

• "నెట్ పోయింది" అని ఈసారి మీ పిల్లలు చెప్పినప్పుడు "ఎప్పుడు? ఫోన్‌లో వచ్చిందా? పింగ్ ఏం చూపింది?" అని అడగండి. నిజంగా పోయి ఉంటే వాళ్ల దగ్గర జవాబు ఉంటుంది. అప్పుడు ఇద్దరూ కలిసి కారణం వెతకవచ్చు.