బరువు తగ్గే ముందు మందుల డబ్బా తెరవండి

ఆరేళ్ల కిందటి మాట. ఆఫీసులో నాకు రెండు కుర్చీల అవతల కూర్చునే అన్నగారొకాయన మధ్యాహ్నం మూడింటప్పుడు ఫైలు మీద సంతకం పెడుతూ పెడుతూనే పక్కకి ఒరిగిపోయారు. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, మాట తడబాటు. గుండెపోటేమోనని అందరం హడలిపోయాం. ఆయనకి షుగరుందన్న సంగతి గుర్తున్నది టైపిస్టు అక్క ఒక్కదానికే. గ్లాసుడు నీళ్లలో నాలుగు చెంచాల పంచదార కలిపి, గుటక గుటకగా తాగించింది. పావుగంటలో తేరుకున్నారు.

అసలు సంగతి ఆస్పత్రిలో తెలిసింది. తొమ్మిది రోజులుగా ఆయన అన్నం, చపాతీ, పండ్లు, పాలు అన్నీ మానేసి సూపులు, నిమ్మరసం, కొబ్బరినూనెతో గడుపుతున్నారు. నాలుగు కిలోలు తగ్గారు కూడా. ఇంట్లో అందరికీ సంబరంగా ఉంది. కానీ పొద్దున టిఫిన్‌తో పాటు వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటున్నారు. టిఫిన్ మానేశారు, మాత్ర మానలేదు. ఆ మాత్ర క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మనం తిన్నామా లేదా అని అది చూసుకోదు.

ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. అంతకుముందు నాలుగేళ్లుగా ప్రతి చెకప్‌లోనూ డాక్టరు ఒకే మాట అంటున్నారట: "బరువు తగ్గాలండీ." ఎలా తగ్గాలో ఒక్కసారి కూడా చెప్పలేదు. వెనక ఇంకో ముప్పైమంది పేషెంట్లు కూర్చుని ఉంటారు, చెప్పే తీరిక ఎక్కడిది? అదే ఫోన్ తెరిస్తే, ఒక మనిషి గంటసేపు తేట తెలుగులో పొద్దున ఏం తాగాలో, రాత్రి ఏం తినాలో వివరంగా చెబుతున్నాడు. మూడు నిమిషాల మాట కన్నా గంట మాటే మనసుకి ఎక్కుతుంది. వైద్యులు వదిలేసిన చోటునే ఈ డైట్‌లు ఆక్రమించుకున్నాయని నా అభిప్రాయం.

అప్పటినుంచి ఎవరైనా "డైట్ మొదలుపెడదామనుకుంటున్నా, డాక్టరు దగ్గరికి పోవాలంటావా?" అని అడిగితే నేను ముందు అడిగేది ఒకటే. ఇంట్లో మందుల డబ్బాలో ఏమున్నాయి?

మన తెలుగువాళ్లకి డైట్‌లు కొత్త కాదు. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పూ నూనే మానెయ్యమన్నారు. వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం మానేసి కొవ్వు తినమన్నారు. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు అన్న లెక్క ఒకప్పుడు పల్లెల్లో రచ్చబండల మీద కూడా వినపడింది. ఖాదర్ వలి గారు కొర్రలు, అరికెలు అన్నారు. నూనె చుక్క వద్దన్న మాటకీ, నూనె తాగమన్న మాటకీ పొత్తు కుదరదు. అయినా వీటిలో ఏది పట్టుకున్నా బరువు తగ్గినవాళ్లు మన వీధిలోనే కనపడతారు. కారణం పెద్ద మర్మమేమీ కాదు. ఏ నియమం పెట్టుకున్నా ముందు పోయేవి బిర్యానీ, బేకరీ పఫ్, కూల్‌డ్రింకు, సాయంత్రం బజ్జీలు. రోజు మొత్తం మీద లోపలికి వెళ్లేది తగ్గుతుంది.

2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి క్రిస్టొఫర్ గార్డ్‌నర్ బృందం ఒక అధ్యయనం వెలువరించింది. 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత కొవ్వు, రెండో జట్టు చేత పిండిపదార్థం తగ్గించి తినిపించారు. ఏడాది తిరిగేసరికి కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేంతది కాదని వాళ్లే తేల్చారు. కాబట్టి ఏ డైట్ గొప్పదని స్నేహితులతో గొంతు చించుకోనక్కర్లేదు. మీ ఇంట్లో, మీ డ్యూటీలో, వచ్చే సంక్రాంతి దాకా ఏది నిలబడుతుందో అది చూసుకోండి.

మొదటి వారంలో మూడు నాలుగు కిలోలు పోతే పొంగిపోకండి. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ ప్రతి గ్రాముతోనూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే ముందు ఖర్చయ్యేది ఆ నిల్వ. దాంతో పాటు నీళ్లూ పోతాయి. మళ్లీ అన్నం తినడం మొదలుపెడితే కొద్ది రోజుల్లోనే కాటా చాలావరకు వెనక్కి వస్తుంది. ఆ రోజు గుండె జారిపోయి మొత్తం వదిలేసినవాళ్లని నేను చాలామందిని చూశాను. వాళ్లు ఓడిపోలేదు, కాటా చూపించింది నీళ్ల లెక్కని మాత్రమే.

అయితే కఠినమైన డైట్ అంటేనే వైద్యానికి శత్రువని నేననను. బ్రిటన్‌లో మైక్ లీన్, రాయ్ టేలర్ నడిపిన ‘డైరెక్ట్’ అనే అధ్యయనంలో షుగర్ వ్యాధి ఉన్నవాళ్లకి మూడు నుంచి అయిదు నెలలపాటు రోజుకి సుమారు 850 కేలరీలే ఇచ్చారు. మామూలు భోజనం పూర్తిగా ఆపి, పోషకాలు కలిపిన సూపులు, పానీయాల మీద ఉంచారు. ఏడాదికి వాళ్లలో 46 శాతం మంది మందులు లేకుండానే షుగర్ వ్యాధి హద్దు కిందికి దిగారు. మా అన్నగారు చేసినదానికి ఇదేమీ తీసిపోనంత కఠినమైన డైటే. తేడా అల్లా, అక్కడ మొదటి రోజునే షుగర్ మాత్రలూ బీపీ మాత్రలూ డాక్టర్లే ఆపించారు. క్రమం తప్పకుండా పిలిచి చూశారు. తర్వాత మామూలు తిండిలోకి మెల్లగా దించారు. తిండి తగ్గినప్పుడు మందు తగ్గించే మనిషి ఒకరు పక్కన ఉన్నారు.

అందుకే మందుల డబ్బా అన్నాను. అందులో గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివిగానీ ఇన్సులిన్‌గానీ ఉంటే, తిండి ఒక్కసారిగా తగ్గించినప్పుడు షుగర్ పడిపోతుంది. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉన్న మాత్రలు, అంటే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉంటే ఇంకా జాగ్రత్త. అవి వేసుకుంటూ పిండిపదార్థం మొత్తం మానేస్తే రక్తంలో ఆమ్లాలు పేరుకుని కీటోఅసిడోసిస్ రావచ్చు. ఇందులో మోసం ఏమిటంటే షుగర్ మిషన్‌లో అంకె మరీ ఎక్కువగా ఉండదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తున్నా "షుగర్ బాగానే ఉందిగా" అని ఇంట్లో పడుకుంటారు. అలా పడుకోకూడదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయించేవి వాడుతుంటే, ఒంట్లో నీరు తగ్గి లేవగానే కళ్లు తిరుగుతాయి. కిడ్నీ జబ్బు, గౌట్, పిత్తాశయంలో రాళ్లు ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా ఇలాంటివి మొదలుపెట్టనే కూడదు. త్వరత్వరగా బరువు తగ్గితే పిత్తాశయంలో కొత్తగా రాళ్లు పుట్టడం కూడా ఉంది. ఇది చదివి ఎవరూ మాత్రలు తమంతట తాము ఆపొద్దని వేడుకుంటున్నాను. ఆపాల్సింది వాటిని రాసిచ్చిన డాక్టర్లే.

డబ్బాలో ఇంకో సంగతీ దొరకొచ్చు. కొన్ని మందులే బరువు పెంచుతాయి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్, మానసిక వైద్యంలో వాడే కొన్ని మాత్రలు అలాంటివి. "వీటికి బదులు వేరేది కుదురుతుందా?" అని అడిగితే కొన్నిసార్లు దారి దొరుకుతుంది. థైరాయిడ్ లోపం, పీసీఓఎస్, పగలంతా నిద్ర తూలించే గురక జబ్బు కూడా ఇలా డాక్టరుతో మాట్లాడినప్పుడు బయటపడొచ్చు.

సరే, డాక్టరు దగ్గర దొరికేది మహా అయితే అయిదు నిమిషాలే. దానికి తగ్గట్టు సిద్ధమై వెళ్లాలి. ముందు రోజు రాత్రి ఒక కాగితం మీద నాలుగు వరుసలు రాసుకోండి: వాడే మందులన్నీ మోతాదులతో, మీ ఎత్తు, బరువు, నడుము కొలత. మీ డ్యూటీ వేళలు కూడా రాయండి, ఎందుకంటే అది ఏ డాక్టరూ అడగరు, మన తిండినీ నిద్రనీ నడిపేది మాత్రం అదే. మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే మనవాళ్లలో ప్రమాదం కిందే లెక్క. బీఎంఐ కూడా మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అంటారు. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి 68 కిలోలంటే ఆ రెండో గీత దగ్గర ఉన్నట్టే. షుగర్ మూడు నెలల సగటు, క్రియాటినిన్, కాలేయం, కొలెస్ట్రాల్, యూరిక్ యాసిడ్, టీఎస్‌హెచ్ పరీక్షలు ఈ మధ్య చేయించి ఉంటే ఆ రిపోర్టులు పట్టుకెళ్లండి. ఆపైన నేరుగా అడగండి: "నేను తిండి తగ్గించబోతున్నాను. వీటిలో ఏ మాత్ర తగ్గించాలి? మళ్లీ ఎప్పుడు రావాలి? డైటీషియన్‌కి రాసిస్తారా?" ఈ మూడు ప్రశ్నలకి జవాబు లేకుండా లేవకండి. ప్రైవేటు ఫీజు భారమైతే సర్కారు ఆస్పత్రుల్లో 30 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగర్ ఉచితంగానే చూస్తారు. జీతంలో ఈఎస్ఐ కోత ఉన్నవాళ్లు ఆ డిస్పెన్సరీని వాడుకోవాలి.

మీ పని ఏమిటన్నది కూడా తూచాలి. బస్సో లారీయో నడిపేవాళ్లు, నిచ్చెనలెక్కే కరెంటు పనివాళ్లు, యంత్రాల దగ్గర నిలబడేవాళ్లు డ్యూటీ రోజున కొత్త ఉపవాసాలు మొదలుపెట్టొద్దు. కళ్లు తిరిగేది ఒక క్షణమే, కానీ ఆ క్షణంలో స్టీరింగ్ మీ చేతిలో ఉంటుంది. నైట్ డ్యూటీ నర్సులూ, సాఫ్ట్‌వేర్ పిల్లలూ డ్యూటీకి వెళ్లేముందే సరైన భోజనం చేసి, అర్ధరాత్రి తేలికగా ఒక గుడ్డో, గుప్పెడు శనగలో, మజ్జిగో తీసుకుంటే మూడింటికి బిర్యానీ ఆర్డర్ పెట్టే అవసరం చాలావరకు తప్పుతుంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది చప్పగా ఉంటుంది, వీడియోలకి పనికిరాదు. వారానికి అరకిలో చొప్పున తగ్గితే చాలు, రోజుకి వెయ్యి కేలరీల కిందికి దిగొద్దు అంటుంది. 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజులో మనకి అందే శక్తిలో ధాన్యాల వంతు 45 శాతం మించొద్దని చెప్పింది. మన కంచంలో అది చాలా ఎక్కువే ఉంటుంది కదా. వారానికి అరకిలో అంటే రోజుకి సుమారు 500 కేలరీలు తగ్గించుకోవడం. వినడానికి పెద్దగా ఉన్నా ఇలా సర్దుకోవచ్చు: ఒక కప్పు అన్నం తగ్గిస్తే 200, ఆఫీసులో తాగే నాలుగు టీలలో రెండేసి చెంచాల పంచదార మానితే 160, కూరలో ఒక పెద్ద చెంచా నూనె తగ్గిస్తే 130 దాకా. అన్నం పూర్తిగా మానక్కర్లేదు. క్యారేజీలో అన్నం గిన్నెకీ కూర గిన్నెకీ స్థానాలు మార్చండి, పెద్దదాంట్లో కూర, చిన్నదాంట్లో అన్నం. గట్టి పప్పు, పెరుగు, వీలైతే గుడ్డు తప్పకుండా ఉండాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. కొర్రలు మంచివే, పీచు ఎక్కువ. కానీ బియ్యంతో పోలిస్తే కేలరీల్లో పెద్ద తేడా లేదు కాబట్టి కొర్రన్నమైనా కొలిచే తినాలి.

ఇక బరువు తగ్గించే ఇంజెక్షన్లు. 2025లో మౌంజారో, వెగోవీ మన మార్కెట్లోకి వచ్చాయి. ఇవి నిజంగా పనిచేస్తాయి. వెగోవీలోని సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. ఆపేసిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టూ తేలింది. కాబట్టి ఎన్నేళ్లు వాడాలి, నా జీతంలో అది కుదురుతుందా అన్నది మొదటి డోసుకి ముందే అడగాల్సిన మాట. జిమ్‌లోనో పార్లర్‌లోనో ఎవరో ఇస్తామంటే తీసుకోవద్దు. గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లకి ఇక్కడా షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.

ఆఫీసుల్లో ఈమధ్య "నెలలో ఎవరు ఎక్కువ తగ్గుతారు" అన్న పోటీలు పెడుతున్నారు. హెచ్ఆర్‌లో ఉన్నవాళ్లకి చేతులెత్తి చెబుతున్నాను, కిలోలకి బహుమతి పెట్టకండి. కిలోలకి పెడితే మందులు వాడేవాళ్లు ఆ సంగతి దాచిపెట్టి పస్తులుంటారు. నడిచిన రోజులకి పెట్టండి, క్యాంటీన్‌లో కూర ఎక్కువ వడ్డించండి, చెకప్‌కి అరపూట పర్మిషన్ ఇవ్వండి.

మా అన్నగారికి డాక్టరు ఆ వారమే గ్లిమెపిరైడ్ ఆపి మెట్‌ఫార్మిన్ ఉంచారు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం మళ్లీ మొదలైంది. పోయిన నాలుగు కిలోల్లో మూడు పదిరోజుల్లోనే తిరిగొచ్చాయి, ఆయన బాగా కుంగిపోయారు. ఆ తర్వాత ఏడు కిలోలు తగ్గడానికి ఆయనకి ఏడాది పైనే పట్టింది. బస్సు రెండు స్టాపుల ముందే దిగి నడిచి వచ్చేవారు. పోయిన ఏడాది రిటైరయ్యారు. మొన్న ఒక పెళ్లిలో భోజనాల బంతిలో నా పక్కనే కూర్చున్నారు. జేబులోంచి మడతలు పడిన కాగితం తీసి, "కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తున్నా, ఇందులో ఏమైనా మిగిలిపోయిందేమో చూడమ్మా" అన్నారు. మందుల పేర్లు, మోతాదులు, నడుము కొలత అన్నీ ఉన్నాయి. డ్యూటీ వేళలన్న చోట మాత్రం కొట్టేసి, "పొద్దున అయిదున్నరకి నడక" అని రాసుకున్నారు.