అనంతపురం ఎర్ర నేలల్లో జీవవిచ్ఛిన్న మల్చింగ్ షీట్లు

అనంతపురం ప్రాంతంలో పుచ్చ, కర్బూజ, టమాట పైర్లకు బిందు సేద్యంతోపాటు మల్చింగ్ షీట్లను వాడుతున్నారు. పాలిథిన్ షీటును పంట తరువాత ఏరివేయాలి; జీవవిచ్ఛిన్న షీటును నేలలోనే కలియదున్నవచ్చంటారు. మన నేలలకు ఈ సూచన ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించాలి.

పీబీఏటీ, పీఎల్ఏ వంటి పాలిస్టర్లు రెండు దశల్లో విచ్ఛిన్నమవుతాయి. మొదట నీరు, ఎంజైముల చర్యతో పొడవైన అణుశృంఖలాలు తెగుతాయి. పిదప సూక్ష్మజీవులు ఆ శకలాలను ఆహారంగా గ్రహించి కార్బన్ డయాక్సైడ్, నీరు, జీవపదార్థంగా మారుస్తాయి. రెండు దశలకూ తేమ అవసరం. ఎండకు షీటు పెళుసుబారి ముక్కలు కావడం విచ్ఛిన్నం పూర్తయినట్లు కాదు.

'కంపోస్టబుల్' ముద్రకు పరీక్ష సుమారు 58 డిగ్రీల సెల్సియస్ వద్ద, తడి కంపోస్టులో జరుగుతుంది. మల్చింగ్ షీట్లకు ఉద్దేశించిన యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 17033 (2018) సైతం తేమగల నేలలో రెండేళ్లలోపు 90 శాతం విచ్ఛిన్నాన్ని కోరుతుంది. సేంద్రియ కర్బనం తక్కువగా ఉండి, ఏటా సుమారు 550 మి.మీ. వర్షమే కురిసే ఈ ఎర్ర నేలల్లో, డ్రిప్ నిలిపాక సూక్ష్మజీవుల చర్య నెలల తరబడి మందగిస్తుంది.

కావున విస్తరణ శాస్త్రవేత్తలు షీటు ముక్కలను సన్నని వలసంచుల్లో ఉంచి దుక్కి లోతున పాతి, కనీసం రెండు వర్షాకాలాలు గమనించాలి. మిగిలిన శకలాల లెక్క తేలేవరకు కలియదున్నమని రైతుకు సిఫార్సు చేయరాదు.