కాపరి స్వరం, దొంగ స్వరం



యోహాను సువార్త 10వ అధ్యాయంలో యేసుప్రభువు గొర్రెల దొడ్డిని గురించి చెబుతారు. కాపరి ద్వారం గుండా వస్తాడు, దొంగ వేరొక దారిన ఎక్కి వస్తాడు. గొర్రెలు తమ కాపరి స్వరాన్ని ఎరిగి ఉంటాయి గనుక పరాయివాని వెంట వెళ్ళవు. ఇది మనం చిన్ననాటి నుండి విన్నదే. అయితే నేటి దొంగకు గోడ ఎక్కే పని లేదు. కాపరి తాళంచెవి దొంగిలించి, కాపరి గొంతు అనుకరించి, ద్వారం గుండానే వస్తున్నాడు. రైలు స్టేషను పక్కనే ఉన్న మన రెజిమెంటల్ బజార్‌లో రాత్రి గడియ వేయకుండా ఎవరూ నిద్రపోరు. కాని పిల్లవాని చేతిలోని ఫోను కూడా ఒక తలుపేనని మనకు తట్టదు.

తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

అమెరికాలో మన తెలుగువారి పిల్లలెందరో చదువుకుంటున్నారు. అక్కడి అనేక బడుల విద్యార్థుల వివరాలను పవర్‌స్కూల్ అనే సంస్థ కంప్యూటర్లలో భద్రపరుస్తుంది. 2024 డిసెంబరులో ఆ వివరాలు దొంగల పాలయ్యాయి. కోట్లాది పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలు, కొందరి ఆరోగ్య వివరాలు కూడా పోయాయి. దొంగ ఏ తాళమూ పగలగొట్టలేదు. దొంగిలించిన ఒక పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళాడు. అతడు 19 ఏళ్ళ కాలేజీ విద్యార్థి. 2025 అక్టోబరులో కోర్టు అతనికి 4 ఏళ్ళ జైలు శిక్ష విధించింది. సంస్థ బెదిరింపునకు లొంగి డబ్బు చెల్లించింది. అయినా 2025 మే నెలలో కొన్ని పాఠశాల బోర్డులకు మళ్ళీ బెదిరింపులు వచ్చాయి. దొంగకు డబ్బిచ్చి శాంతిని కొనుక్కోలేమని దీనివల్ల తెలుస్తున్నది.

ఇది దూరదేశపు కథ అనుకోవద్దు. 2023 మార్చిలో మన రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయి. రహస్య విభాగపు కంప్యూటరులోకి లోపలి మనుషులే అక్రమంగా ప్రవేశించారని పోలీసులు తెలిపారు. గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష రద్దయింది. లక్షలాది యువతీయువకుల శ్రమ వృథా అయింది.

మన బడులలో ఈ పాఠం ఎంతవరకు ఒంటబట్టింది? ఆఫీసు కంప్యూటరు పాస్‌వర్డు బల్ల అద్దం కింద కాగితం మీద కనిపిస్తుంది. మాస్టారు ఉద్యోగం మాని వెళ్ళినా ఆయన పాస్‌వర్డు పనిచేస్తూనే ఉంటుంది. పిల్లల పేర్లు, ఆధార్ నంబర్లు, ఫోను నంబర్లు ఒకే జాబితాగా వాట్సాప్ గుంపుల్లో తిరుగుతాయి. ఎవరి పాస్‌వర్డు వారికే ఉండాలి. దానికి తోడు ఓటీపీ అనే రెండో తాళం ఉండాలి. మార్కుల, ఫీజుల రికార్డుల నకలు ఇంటర్నెట్‌తో సంబంధం లేని చోట దాచాలి. ‘ఫీజు బాకీ, వెంటనే ఈ నంబరుకు పంపండి’ అని సందేశం వస్తే, తల్లిదండ్రులు ముందు బడికి ఫోను చేసి అడగాలి.

మన విచారణలూ ఇందుకు మినహాయింపు కావు. ప్రథమ దివ్యసత్ప్రసాదం పుచ్చుకున్న పిల్లల ఫోటోలను పేర్లతో సహా లోకమంతటికీ చూపించిన వారిలో నేనూ ఉన్నాను. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారినందరినీ పిల్లలుగానే ఎంచుతుంది. వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది.

నేను నేర్చుకున్న పాఠం

ఇప్పుడు చెప్పబోయేది పాపసంకీర్తనంలో విన్నది కాదు. ఆ కుటుంబం అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు తీసివేసి చెబుతున్నాను. తొమ్మిదో తరగతి బాబు ఒకనికి ఫోను ఆటలో ఒక ‘అమ్మాయి’ స్నేహితురాలైంది. మాటలు పెరిగాయి. ఒక ఫోటో అడిగింది, వీడు పంపాడు. మరునాడే స్వరం మారింది: డబ్బు పంపకపోతే నీ క్లాసు వాళ్ళందరికీ పంపుతానని. తల్లి ఫోను నుండి ఐదు వందలు, తరువాత రెండు వేలు పంపాడు. పన్నెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి తల్లిదండ్రులు నా దగ్గరకు తీసుకొచ్చారు.

“ముందే ఎందుకు చెప్పలేదు బాబూ?” అని అడిగాను.

“ఫోను పట్టినవాణ్ణి సైతాను పట్టినట్టేనని మీరే ప్రసంగంలో చెప్పారు గదా, ఫాదర్” అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. దొంగ స్వరం తీయగా ఉంది, కాపరి స్వరం భయపెట్టింది. బిడ్డ ఎటు వెళ్తాడు?

పునీత తోమాసు అక్వినాసుగారు వివేకమనే సుగుణానికి అంగాలుగా జాగరూకతతో పాటు, ఇతరుల వద్ద నేర్చుకునే గుణాన్ని కూడా చెప్పారు. ఫోను సంగతులు మన పిల్లల వద్ద నేర్చుకోవడం మనకు చిన్నతనం కాదు. 2025 సెప్టెంబరు 7న శ్రీసభ పునీతునిగా ప్రకటించిన కార్లో అకూటిస్, 15 ఏళ్ళ వయస్సులో కన్నుమూసే నాటికే దివ్యసత్ప్రసాద అద్భుతాలను కంప్యూటరు ద్వారా లోకానికి తెలియజేశాడు. దోషం పరికరంలో లేదు.

బెదిరింపు వస్తే ఏం చేయాలి?

మొదట బిడ్డను కొట్టవద్దు, తిట్టవద్దు. మోసపోయిన బిడ్డ నేరస్థుడు కాడు. పిల్లలను ఇలా వేధించేవారిని శిక్షించడానికి 2012 నాటి పోక్సో చట్టం, ఐటీ చట్టంలోని 67బి సెక్షను ఉన్నాయి. పైసా కూడా పంపవద్దు. సందేశాలు చెరపవద్దు, వాటి ఫోటోలు తీసి ఉంచండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. పిల్లల సహాయానికి 1098 ఉంది. మన రాష్ట్రంలో 2014 నుండి షీ టీములు పనిచేస్తున్నాయి. అసభ్య చిత్రం వ్యాపించకుండా ఆపడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. దానికి ఫోటో పంపనవసరం లేదు, దాని గుర్తు మాత్రమే చేరుతుంది.

ఆ బాబు ఇప్పుడు చక్కగా బడికి వెళ్తున్నాడు. నేను ఆ ప్రసంగం మళ్ళీ చేయలేదు.

కుటుంబ ప్రార్థన తరువాత మాట్లాడుకోండి:

1. మా బిడ్డకు ఆపద వస్తే మొదట ఎవరికి చెబుతాడు? మాకేనా?
2. మా ఇంటి పాస్‌వర్డులు, ఓటీపీలు ఎవరెవరికి తెలుసు?
3. నిన్న మేము ఇతరులకు పంపిన ఫోటోలో ఎవరి బిడ్డ ఉన్నాడు?

మన స్వరం వినగానే మన పిల్లలు పారిపోక, పరుగెత్తి దగ్గరకు వచ్చే కాపరులుగా మనలను తీర్చిదిద్దుమని మంచి కాపరియైన ప్రభువును వేడుకుందాం.