రిపేరు కోసం తిరిగినంతకాలం హక్కు కరిగిపోతూనే ఉంటుంది

ఈమధ్య నా దగ్గరికి వస్తున్న వినియోగదారుల తగాదాల్లో గ్రాఫిక్స్ కార్డు కేసులు ఎక్కువయ్యాయి. అన్నిటి వరసా ఒకటే. కొత్త డెస్క్‌టాప్ కొంటారు. వీడియో ఎడిటింగో, గేమో మొదలెట్టగానే తెర నల్లబడుతుంది. షాపుకి మోసుకెళ్తే ‘డ్రైవర్ మార్చాం, ఇక రాదు’ అంటారు. కొన్నాళ్లకి మళ్లీ అదే. షాపువాళ్లు ఫోన్ ఎత్తడం మానేశాక లాయరు గుర్తొస్తాడు.

మలేషియాలో 1999 వినియోగదారుల రక్షణ చట్టం మనవైపే ఉంది. అమ్మిన సరుకుకు తగిన నాణ్యత ఉండాలని 32వ సెక్షన్ చెబుతుంది. బిల్లు అడుగున ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చువేసినా, 6వ సెక్షన్ వల్ల ఆ మాట మీ హక్కుని తీసెయ్యలేదు. ‘మాకు సంబంధం లేదు, డిస్ట్రిబ్యూటర్ని అడగండి’ అన్నా వినకండి. అమ్మినవాడి బాధ్యత అమ్మినవాడిదే.

మనవాళ్లని ముంచుతున్నది 43వ సెక్షన్. సమంజసమైన గడువులోగా సరుకుని తిరస్కరించకపోతే, దాన్ని వెనక్కిచ్చి డబ్బు అడిగే హక్కు పోతుంది. ఆ గడువు ఇన్ని రోజులని చట్టం చెప్పలేదు. వస్తువు ఎలాంటిది, ఎంత వాడారు, లోపం ఎప్పటికి బయటపడాలి అన్నవి చూసి తేలుస్తారు. ‘వినియోగదారుల ట్రిబ్యునల్‌కి మూడేళ్ల గడువుంది కదండీ’ అంటారు వచ్చినవాళ్లు. అది దావా వేయడానికి ఉన్న గడువు. సరుకుని తిరస్కరించడానికి ఉన్న గడువు కాదు. ఈ రెంటినీ కలిపేసుకుని నష్టపోతున్నారు.

మొన్న బాగన్ దాతుక్ నుంచి వచ్చిన ఒక తండ్రి సంగతి చూడండి. యానిమేషన్ చదివే కూతురికి ఐదువేల రింగిట్లకి పైన పెట్టి కంప్యూటర్ కొన్నారు. షాపువాళ్లు ఓసారి డ్రైవర్, ఓసారి ర్యామ్, ఇంకోసారి పవర్ సప్లై మార్చారు. ఆ కార్డుని ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడాలన్న చిన్న పరీక్ష ఒక్కరూ చేయలేదు. ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసుకి వెళ్తే, కాగితమైనా చూడకుండా ‘వారంటీ ఉందిగా, షాపుకే వెళ్లండి’ అని పంపేశారు. పది నెలలు గడిచాయి. ఆయన దగ్గర ఒక్క జాబ్ షీట్ లేదు, ఒక్క లేఖ లేదు. ‘పది నెలలు వాడుకున్నారు, సరుకు నచ్చినట్టే’ అని షాపు వాదిస్తోంది. ఇప్పుడు పూర్తి డబ్బు అడిగే బలం తగ్గింది. తగ్గిన విలువకి పరిహారం అడగమని సలహా ఇచ్చాను.

మీకు ఇలా జరగకూడదంటే మొదటిసారి ఆగిపోయినప్పుడే రాసిపెట్టుకోండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరుతో డిస్‌ప్లే డ్రైవర్ ఆగి కోలుకున్నట్టు నమోదైతే తేదీతో సహా ఫొటో తీయండి. కార్డు వేడి ఎంతుందో, పవర్ కేబుల్ గట్టిగా కూర్చుందో లేదో చూడండి. కార్డుని విప్పొద్దు, ఓవర్‌క్లాక్ చేయొద్దు. లోపం మీవల్లే వచ్చిందనడానికి షాపువాళ్లకి దారి ఇవ్వొద్దు. షాపుకి ఇచ్చిన ప్రతిసారీ ఫిర్యాదు రాసిన జాబ్ షీట్ తీసుకోండి.

బాగుచేయగలిగిన లోపమైతే సమంజసమైన వ్యవధి ఇవ్వండి. బాగుచేశామన్నాక అదే లోపం తిరిగొస్తే, మరో రిపేరుకి ఒప్పుకోకముందే రాతపూర్వకంగా తెలపండి: ‘ఫలానా లోపం వల్ల ఈ సరుకుని తిరస్కరిస్తున్నాను, డబ్బు వాపసు ఇవ్వండి.’ నోటిమాట చాలదు. మళ్లీ చెబుతున్నాను, రాసి పంపండి, కాపీ దాచుకోండి.

షాపువాళ్లు కాదంటే వినియోగదారుల ట్రిబ్యునల్ ఉంది. 50,000 రింగిట్ల వరకు దావా వేయవచ్చు. ఫీజు 5 రింగిట్లు. అక్కడ లాయర్లు వాదించకూడదు, మీరే మాట్లాడుకోవాలి. అందుకే మీ కాగితాలే మీ లాయరు. ట్రిబ్యునల్ తీర్పుని 14 రోజుల్లో పాటించకపోతే అది నేరం, జైలు కూడా పడవచ్చు. చట్టానికి పదునుంది. దాన్ని సమయానికి వాడండి. కంప్యూటర్ రెండోసారి షాపుకి వెళ్లేటప్పుడు మీ లేఖ కూడా దాంతోపాటు వెళ్లాలి.