ముందు బండి కింద చూడు

సింధూ,

నువ్వు పంపిన మూడు బండ్ల ఫొటోలూ చూశాను, జిప్సీ, థార్, ఉప్పల్ స్కార్పియో. మూడింటినీ కడిగించి, టైర్లకు నల్లగా పాలిష్ కొట్టించి, సాయంత్రపు ఎండలో నిలబెట్టి తీశారు. పెళ్లిచూపులకు పంపే ఫొటోల్లా ఉన్నాయి. ఒక్కడైనా బండి కింద నుంచి తీశాడా? మనకు కావలసిన సంగతులన్నీ అక్కడే ఉంటాయి.

చేతిలో ఆరు లక్షలున్నాయి, హైదరాబాదు నుంచి స్పితి మీదుగా లేహ్ దాకా నువ్వూ నీ స్నేహితురాలూ వెళ్లి రావాలి, వీలైన చోట రాత్రుళ్లు బండిలోనే పడుకోవాలి, దానికి ఏ ఫోర్ బై ఫోర్ కొనాలి అని అడిగావు. ఏ బండి అన్నది తర్వాత చెబుతాను, ముందు డబ్బు సంగతి. ఆరు లక్షలూ అమ్మేవాడి చేతిలో పెట్టకు. నాలుగున్నర దగ్గర ఆగు. మిగతా లక్షన్నర బయల్దేరేలోగా ఆ బండే తినేస్తుంది. టైర్లు, బ్యాటరీ, క్లచ్, బుష్షులు, రబ్బరు గొట్టాలు, ఇంజనాయిలు మొదలుకుని అన్ని ఆయిళ్లూ మార్చుకోవాలి. ‘పైసా పని లేదు మేడం, తాళం తిప్పి వెళ్లిపోవడమే’ అంటారు. అటవీ శాఖ జీపులతోనే నా ఉద్యోగమంతా గడిచింది. పైసా పని లేని పదేళ్ల బండి నా కంట పడలేదు.

ఇక దారి సంగతి. హైదరాబాదు నుంచి మనాలీ దాకా రెండువేల కిలోమీటర్లకు పైగా తారురోడ్డే. అంతదూరం నీ ఫోర్ బై ఫోర్ ఉత్త బరువు. మనాలీ దాటితే 2020లో తెరిచిన అటల్ సొరంగం ఉంది కాబట్టి రోహతాంగ్ ఎక్కే పని కూడా తప్పింది. అసలు పరీక్ష గ్రాంఫూ నుంచి స్పితిలోని కాజా వైపు మళ్లాక మొదలవుతుంది. ఛత్రూ, బాతల్, కుంజుమ్ కనుమ వరకూ బండరాళ్లు, దారికి అడ్డంగా పారే వాగులు. పైనున్న మంచు ఎండకు కరుగుతుంది కాబట్టి పొద్దున మోకాలి లోతు లేని వాగు మధ్యాహ్నానికి ఉరకలేస్తుంది. అక్కడ నిన్ను దాటించేవి నేలకీ బండి పొట్టకీ మధ్య ఉన్న ఎత్తు, మంచి టైర్లు, లో రేంజ్ గేరు. నాలుగు చక్రాలకూ శక్తి అందడం వీటి తర్వాతే.

లో రేంజ్ అంటే చాలామంది ఎక్కడానికే అనుకుంటారు. నా లెక్కలో దాని పెద్ద ఉపయోగం దిగడంలో. లో రేంజ్‌లో మొదటి గేరు వేసి బ్రేకు మీంచి కాలు తీసేస్తే, ఇంజనే బండిని పట్టి మనిషి నడిచే వేగంతో కిందికి దింపుతుంది. గంటసేపు బ్రేకు తొక్కుతూ దిగితే బ్రేకులు కాగిపోతాయి. పాత బ్రేకు ఆయిల్లో చేరిన తేమ మరిగి ఆవిరవుతుంది, పెడలు పట్టు లేకుండా లోపలికి వెళ్లిపోతుంది. అందుకే నీ స్నేహితురాలు చెప్పిన డస్టర్ ఏడబ్ల్యూడీని నేను పక్కన పెడతాను. హైవే మీద దాని సుఖం ఈ మూడింటిలో దేనికీ లేదు, కాదనను. కానీ దానికి లో రేంజ్ లేదు. చిన్న మొదటి గేరుతో సర్దుకోవాలి. పైగా ఆ డీజిల్ ఇంజన్లు ఇక్కడ అమ్మడం మానేసి ఏళ్లయింది. కాజాలో దాని సెన్సరు ఏదైనా పోతే నువ్వు చండీగఢ్ నుంచి కొరియర్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి.

జిప్సీ మీద నీకు మనసుందని ఉత్తరంలోనే తెలిసిపోతోంది. ఎవరికుండదు? 1985లో మొదలై మూడు దశాబ్దాలకు పైగా దాదాపు అదే ఆకారంలో అమ్ముడైన బండి. సైన్యం దశాబ్దాలపాటు కొండల్లో దాన్నే నడిపింది. టన్నుకు అటూఇటూ బరువే కాబట్టి బురదలో దిగబడినా నలుగురు కలిస్తే తోసేయవచ్చు. ఇంజను కూడా సాదాసీదా పెట్రోలు ఇంజను, పాన పట్టడం వచ్చినవాడెవడైనా విప్పగలడు. కానీ సింధూ, ముందూ వెనకా కమాన్ పట్టీల మీద రెండువేల కిలోమీటర్లు హైవే ప్రయాణం చేసి మనాలీ చేరేసరికి మీ ఇద్దరి నడుములూ విరుగుతాయి. కంపెనీ నుంచి ఏసీ రాలేదు, మే నెలలో నాగపూర్ దాటాలి. ట్యాంకు 40 లీటర్లు. లీటరుకు పది కిలోమీటర్లు వేసుకున్నా నాలుగు వందలు, ఘాట్‌లో అదీ రాదు. తాండీ బంకు దగ్గర ‘తర్వాతి బంకు 365 కిలోమీటర్లు’ అని రాసిన బోర్డు గురించి విన్నావు కదా, లెక్క నువ్వే వేసుకో. ఇంకోటి, దానికి టర్బో లేదు. అయిదు వేల మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి సగానికి కాస్త పైన. దాని ఇంజనుకున్న 80 గుర్రాల్లో అక్కడ పనిచేసేవి నలభై చిల్లర. బండి తేలిక కాబట్టి ఎక్కుతుంది గానీ, మీ సామాను వేశాక ఆపసోపాలు పడుతూ ఎక్కుతుంది. మారేడుమిల్లి, లంబసింగి తిరగడానికైతే కళ్లు మూసుకుని జిప్సీ కొనమనేవాణ్ణి.

పాత థార్, అంటే 2010 నుంచి 2020 దాకా వచ్చినది, కొండకు జిప్సీ కంటే గట్టిది. సీఆర్‌డీఈ అని రాసి ఉన్నదైతే 105 గుర్రాల టర్బో డీజిలు. డీఐ అని ఉంటే అది వేరే పాత ఇంజను, వాటిలో రెండు చక్రాలకే శక్తి అందే బండ్లు కూడా ఉన్నాయి, మోసపోకు. నువ్వు పంపినది సీఆర్‌డీఈయే. దాని చిక్కు వేరే చోట ఉంది. వెనక సీట్లు అడ్డబెంచీలు, పైన గుడ్డ టాపు. దుమ్మూ వానా లోపలికొస్తాయి, రాత్రి తాళం వేసినా ఒక బ్లేడు చాలు లోపలికి రావడానికి. ఇద్దరు ఆడపిల్లలు లోపల పడుకోవాలనుకునే బండికి ఇనుప కప్పు ఉండాలి. ఇందులో నేను రాజీపడను, మీ నాన్న అసలే పడడు.

అందుకే నా ఓటు స్కార్పియోకి. 2.2 లీటర్ల ఎంహాక్ ఇంజనుతో వచ్చిన ఫోర్ బై ఫోర్, 2014 నుంచి 2018 మధ్యది దొరికితే చూడు. వెనక సీటు మడిస్తే పరుపు పడుతుంది. హిమాచల్ కొండల్లో బొలేరో, స్కార్పియో టాక్సీలు బోలెడు. ఏ ఊళ్లో ఆగినా దాని బొమ్మా బొరుసూ తెలిసిన మెకానిక్ ఉంటాడు. మలుపుల్లో ఊగుతుంది, అది దాని పుట్టుక, నెమ్మదిగా తోలు. 2020 ఏప్రిల్ ముందు బండ్లు బీఎస్ ఫోరో అంతకు పాతవో కాబట్టి పొగగొట్టంలో మసి ఫిల్టర్ల గొడవ లేదు. టాటా సఫారీ స్టార్మ్ ఫోర్ బై ఫోర్ మంచిది దొరికినా వద్దనను. లోపల దానంత చోటు దేనికీ లేదు. 2019లో ఆపేశారు, సామాన్లు రానురాను కష్టమవుతాయి, అంతే.

అయితే వెనక డోరు మీద ‘4x4’ అని ఉన్నంత మాత్రాన నమ్మకు. ఆ స్టిక్కరు బజార్లో రెండొందలకు దొరుకుతుంది. బండి కిందికి వంగి చూస్తే గేర్‌బాక్సు దగ్గర్నుంచి వెనక్కి ఒక షాఫ్టు, ముందుకి ఒక షాఫ్టు కనపడాలి. ముందు షాఫ్టు శబ్దం చేస్తోందని విప్పి షెడ్డులో పడేసినవాళ్లు ఉంటారు. ఉంటే, పని చేస్తోందో లేదో కంకర మీదో మట్టి మీదో చూడు. ఫోర్ హై వేసి కొంతదూరం తిన్నగా నడుపు. తర్వాత బండి ఆపి న్యూట్రల్‌లో పెట్టి ఫోర్ లో వెయ్యి, మొదటి గేరులో క్లచ్ వదిలేసి యాక్సిలరేటరు ముట్టుకోకుండా ఉండు. బండి పాకుతూ పోవాలి. మీటర్లో ఫోర్ బై ఫోర్ లైటు ఆగకుండా మిణుకుతోందంటే ఫోర్ బై ఫోర్ వేసే మోటారో వైరింగో దెబ్బతింది. ఈ పరీక్ష ఎండిన తారురోడ్డు మీద చెయ్యకు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు దూరాలు తిరగాలి, తారు మీద జారే వీలుండదు, ఆ బిగువంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది.

కిందికి వంగావు కాబట్టి ఛాసీ కూడా చూడు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండైతే సుత్తి పిడితో తట్టి చూడు. గట్టిగా మోగిన చోట ఇనుముంది, బొదబొదమన్న చోట తుప్పు. కొత్తగా నల్లరంగు పూసి ఉంటే మరీ అనుమానించాలి. డిఫరెన్షియల్ ప్లగ్గు విప్పించి ఆయిలు రంగు చూడు, పాలు కలిసిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టే. వరదలో మునిగిన బండ్లు కూడా బజారుకొస్తున్నాయి, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో విజయవాడ చూశావు కదా. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగు. చివర్లో బురద చార, సీటు పట్టాల సందుల్లో ఒండ్రు ఉంటే దండం పెట్టి వచ్చెయ్యి.

ఇంజను వినడానికి పొద్దున్నే వెళ్లు, నువ్వు వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నాడు. స్టార్టయ్యాక ఆయిలు మూత తీసి చూడు. పొగ ఎగదన్నుతూ మూతను తోసేస్తుంటే, మన మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు, ఇంజను బోరుకొచ్చిందన్నమాట. నీలం పొగ అంటే ఆయిలు తాగుతోంది. వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగయితే ఇంజనులోకి నీళ్లు దిగుతున్నాయేమో చూడాలి. టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారీ. గీతలెంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైర్లతో లేహ్ వెళ్లొద్దు.

రేడియేటర్ మూత గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. లేహ్ దారిలోని పెద్ద కనుమల మీద నీళ్లు ఎనభై మూడు డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఇంజను అంతకంటే వేడి మీద పనిచేస్తుంది. లోపలి ఒత్తిడిని పట్టి ఉంచి కూలెంటును మరగకుండా కాపాడేది ఆ మూతే. దాని రబ్బరు అరిగిపోతే మన ఊళ్లో ఏమీ తెలియదు, కొండ మీద పొంగి పోస్తుంది. కొన్ని వందల రూపాయల సరుకు, కొత్తది వేయించు, గొట్టాలన్నీ దానితోపాటే మార్చు.

ఇప్పుడు కాగితాలు. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి లోను, చలాన్లు, ఇన్సూరెన్సు చూడు. బ్యాంకు లోను ఉంటే ఫారం 35తోపాటు బ్యాంకు లెటరు చేతికొచ్చాకే డబ్బివ్వు. 29, 30 ఫారాల మీద సంతకాలు ఎలాగూ పెట్టించుకుంటావు. ఢిల్లీ బండ్లు చవగ్గా వస్తున్నాయని అన్నావు. నిజమే, పదేళ్లు దాటిన డీజిలు బండ్ల మీద అక్కడున్న నిషేధపు నిబంధనల చిక్కు వల్ల బయటి రాష్ట్రాలకు తోసేస్తున్నారు. బండి మంచిదే కావచ్చు. కానీ ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, తెలంగాణలో లైఫ్ టాక్సు మళ్లీ కట్టాలి, నంబరు మార్పించాలి. అవన్నీ కలిపితే ఆ చవక చాలావరకు కరిగిపోతుంది. నీ బండి కూడా పదేళ్లు దాటిన డీజిలైతే వెళ్లేటప్పుడు ఢిల్లీలోకి దూరకు, జైపూర్, హిసార్ మీదుగా పో. ఆ నిబంధనలు కోర్టుల్లో మారుతూ వస్తున్నాయి, బయల్దేరే ముందు ఒకసారి చూసుకో. పదిహేనేళ్లు నిండితే ఎక్కడైనా ఫిట్‌నెస్ చేయించి అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యూవల్ తెచ్చుకోవాలి. అందుకే మరీ పాతది వద్దంటున్నాను.

పెద్ద టైర్లు, ఎత్తించిన సస్పెన్షను, ముందు ఇనుప గార్డు ఉన్న బండికి ఎక్కువ డబ్బు అడుగుతాడు. నువ్వు తక్కువివ్వాలి. క్రాష్ గార్డులు వద్దని కేంద్రం 2017లోనే చెప్పింది, కంపెనీ ఇచ్చిన ఆకారాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టూ చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. పైగా అలా అలంకరించినవాడు దాన్ని ప్రతి ఆదివారం రాళ్ల మీద ఆడించే ఉంటాడు. పిల్లల్ని బడికి దింపిన స్కార్పియో మనకు మేలు.

కొన్నాక వెంటనే లేహ్ పరిగెత్తకండి. మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాట్ మీద వెళ్లి రండి, ఒక రాత్రి బండిలో పడుకుని చూడండి. ఏది ఊడుతుందో, ఏది మోగుతుందో ఇంటి దగ్గరే తెలుస్తుంది. తాడు, గాలి పంపు, రెండో స్టెప్నీ సంగతి అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. టాపు మీద టెంటు ఆలోచన మాత్రం మానుకోండి, అసలే ఊగే బండి.

ఉప్పల్ స్కార్పియో వాడికి ఇవాళే ఫోన్ చేసి, ముందు షాఫ్టు ఫొటో ఒకటి, ఆర్‌సీ ఫొటో ఒకటి పంపమను. పంపడానికి నసిగితే ఇంకోటి చూసుకుందాం. పంపితే శనివారం పొద్దున ఏడింటికి వస్తామని చెప్పు. శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్టు తీసుకుంటాను, మీ అత్తయ్య నీకు పూతరేకులు ఇచ్చి పంపుతుందట. నీ మెకానిక్‌ని కూడా రమ్మను, పాత చొక్కా వేసుకురమ్మను.

ఇట్లు,
మీ మావయ్య