దర్వాజ మీద రంపం పెట్టకముందు

పాలమూరు
ఆదివారం రాత్రి

బిడ్డా,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. "మూడు వేలు పెడితే దుకాణంల కొత్త కేబినెట్ వస్తదట. ఈ పిల్ల నాయిన చేసిన దర్వాజ రెక్కలు కోసి కంప్యూటర్‌కు డబ్బా చేస్తనంటున్నది. నువ్వన్న జెర చెప్పన్నా" అన్నది. చెల్లె అడిగింది నిన్ను ఆపమని. నేను ఆపుతలేను. నల్లగొండల పాత ఇల్లు కూలగొట్టిన రోజు ఆ రెక్కలను కొత్తింటి అటక మీదికి ఎక్కించింది నేనే. అమ్మబుద్ధి కాలేదు, ఏం చేయాల్నో తోచలేదు. నీకు తోచింది. మీ తాత ఉంటే ఎంత సంతోషపడేటోడో నాకు తెలుసు.

కాని రంపం పెట్టకముందు ఈ ఉత్తరం మొత్తం చదువు. కొలతలున్న మాట ఫోన్ల చెప్తే నిలువదు, కాగితం మీదనే ఉండాలె.

ముందు ఖర్చు సంగతి. చేత్తో చేసుకుంటే అగ్గువ అని మీ అమ్మకు చెప్పకు. అది నిజం కాదు. రంపం బ్లేడ్లు, మరలు, పాలిష్, తప్పు కోసి పారేసిన చెక్క, అన్నీ కలిపితే మూడు వేలు దాటుతది. నాకు కావాల్సిన పెట్టె నేనే చేసుకుంటున్న అని చెప్పు, చాలు. అదేం వింత కోరిక కాదు. 1976ల ఆపిల్ కంపెనీ తన మొదటి కంప్యూటర్ అమ్మినప్పుడు పెట్టె ఇయ్యలేదు. 666 డాలర్ల 66 సెంట్లకు ఉత్త సర్క్యూట్ బోర్డు చేతుల పెట్టింది. అట్లాంటివి దాదాపు 200 చేసిన్రు. కొనుక్కున్నోళ్ళల్ల కొందరు ఇంట్ల కట్టెతోని పెట్టెలు చేసుకున్నరు. అసొంటి కట్టెపెట్టె ఒకటి ఇప్పుడు అమెరికాల స్మిత్సోనియన్ మ్యూజియంల ఉన్నది.

ఇగ నేను చేసిన తప్పు చెప్తా. ఇది మీ అమ్మకు కూడ పూర్తిగ తెలువదు.

2006ల జడ్చర్లల నా దోస్తు ఒకాయన ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకున్నడు. ముందటి టేబుల్ మీది కంప్యూటర్‌కు నేను టేకు పెట్టె చేసిచ్చిన. మూలలకు ఒక్క మొల కొట్టలే, వేళ్ళల్ల వేళ్ళు జొప్పినట్టు అతికిన. లక్క పాలిష్ ఏడు పూతలు పెట్టిన. అద్దం లెక్క మెరిసింది. వచ్చినోళ్ళంత చెయ్యి పెట్టి నిమిరి చూసేటోళ్ళు. గాలికి మాత్రం వెనుక రెండు వేళ్ళ సందు ఇడిసిన. ముందర రంధ్రాలు పెడితే అందం పోతదని పెట్టలే. ఫిబ్రవరి దాక మంచిగ నడిచింది. ఏప్రిల్ల మధ్యాహ్నం పూట దానంతట అదే ఆగుడు మొదలైంది. మే నెలల ఒకనాడు కాలిన వాసన వచ్చింది. పవర్ సప్లయి పోయింది, దాంతోపాటు హార్డ్ డిస్కు పోయింది. ఆ డిస్కుల దోస్తు బిడ్డ పుట్టిన సంది తీసిన ఫొటోలు ఉండె. ఇంకోతాన దాచుకోలే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మొన్న ఆ బిడ్డ పెండ్లిల అక్షింతలు వేస్తుంటే కూడ నాకు ఆ పెట్టెనే యాదికొచ్చింది.

కట్టె తప్పు కాదది. నేను పెట్టెను చూసిన, లోపల ఉండేదాన్ని చూడలే.

మన దగ్గర అందరు ఆ డబ్బానే సీపీయూ అంటరు. సీపీయూ అంటే లోపల అరచేతిల ఇమిడే చిన్న చిప్పు. దాని వేడి ఎప్పుడు గది వేడి మీద ఎక్కి కూసుంటది. ఫ్యాను ఎంత తిరిగినా దాన్ని గదిల గాలికంటే చల్లగ చేయలేదు. 25 డిగ్రీల గదిల ఒక పనికి చిప్పు 70కి వచ్చిందనుకో. అదే పని, అదే ఫ్యాను, 42 డిగ్రీల గదిల దాదాపు 87కు పోతది. చాలా ప్రాసెసర్లు 95, 100 దగ్గర తమంతట తామే మెల్లగైతయి, ఇంకా ఎక్కితే బందైతయి. నల్లగొండల మే నెల ఎండ 45 దాటిన రోజులు నువ్వు చూసినవే. నీ గది మీద రేకులాయె. ఏసీ గదుల పెట్టుకునే పెట్టెల బొమ్మలు చూసి నీ పెట్టెకు గాలి లెక్క తీయకు. పైగా ఇనుప డబ్బా గోడలు కొంత వేడిని బయటికి ఇడుస్తయి, కట్టె ఇడువదు. పెనానికి కట్టె పిడి ఎందుకు పెడతరు? అందుకే.

కనుక ముందర కింది దిక్కు 120 మి.మీ. ఫ్యాన్లు రెండు గాలి గుంజాలె, వెనుక పై దిక్కు ఒకటి బయటికి నెట్టాలె. వేడి గాలి పైకి పోతది, దాని తొవ్వకు అడ్డం పడకు. లోపలికొచ్చే గాలి బయటికి పోయేదానికంటే కొంచెం ఎక్కువుంటే సందులల్ల నుంచి దుమ్ము చొరబడదు, గాలే బయటికి నెట్టుకుంటది. మన చెల్క దుమ్ము ఎంత సన్నదో బట్టలు ఆరేసే నీకు చెప్పాల్నా? లోపలికొచ్చే రెండు ఫ్యాన్ల ముందర దోమతెర జాలీని చిన్న చట్రానికి బిగించి పెట్టు. మరలతోని బిగిస్తే దాన్ని ఎవ్వరు ఇప్పరు, కడగరు. చిన్న అయస్కాంతాలతో అతికించు, వారానికోసారి గుంజి కడుగు. పెట్టెను గోడకు ఆనించకు, జానెడన్న జాగ ఇడువు.

పెట్టెకంటే ముందు పనిని చూసుడు అంటే ఏందో చెప్తా. ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం సంగతి నీకు తెలుసు. 2019ల ఆయన మీద సినిమా వస్తే మనం కలిసే పోయినం, నువ్వు ఏడ్చినవు. ఆరో తరగతితోనే బడి బందైన మనిషి. పోచంపల్లి రకం చీర నేయాలంటే రంగులు అద్దకముందు ఆసు పోయాలె. ఒక్క చీరకు దారాన్ని మేకుల చుట్టు తిప్పుకుంట చెయ్యి దాదాపు 9,000 సార్లు అటు ఇటు పోవాలె. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆ పని చేసే యంత్రం 1992ల మొదలుపెట్టిండు, 1999ల పూర్తి చేసిండు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. యంత్రానికి తల్లి పేరే పెట్టుకున్నడు, లక్ష్మి ఆసు యంత్రం. 2017ల పద్మశ్రీ వచ్చింది.

ఆ ఏడేండ్ల కష్టం అందరు చెప్తరు. నాకు దానికంటే పెద్దగ అనిపించేది వేరే ఉన్నది. ఆయన మొదలు చూసింది యంత్రాన్ని కాదు, తల్లి చేతిని. ఆ చెయ్యి చేసే పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో భాగం కట్టుకుంట పోయిండు. ఆఖరిది ఎంతకూ చిక్కలే. హైదరాబాద్‌కు పనికి పోయినప్పుడు బాలానగర్ల వేరే ఏదో మిషను కదులుడు చూస్తే అది దొరికింది. చెయ్యి ఏం చేస్తదో ముందే తెలుసు గనుక చూడంగనే పోల్చుకున్నడు. నేను జడ్చర్ల పెట్టె చేసినప్పుడు ఈ ముచ్చట తెలిసి కూడ దాని భావం నాకు ఎక్కలే.

నీ పనిల ముందుగాల చూడాల్సింది బోర్డును. ఏ బోర్డో తేలకుండ దర్వాజ మీద గీత గీయకు. పెద్ద ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మి.మీ., మైక్రో ఏటీఎక్స్ 244 × 244, మినీ ఐటీఎక్స్ 170 × 170. 1995ల ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు పెట్టింది గనుకనే ఒక దేశపు బోర్డు, ఇంకో దేశపు పవర్ సప్లయి నీ పెట్టెల పక్కపక్కన కూసుంటయి. నువ్వు మైక్రో అంటున్నవు, మంచిది. పవర్ సప్లయి ముఖం 150 × 86, పొడవు ఒక్కో దానికి ఒక్కో తీరు. వెనుక పోర్టుల కిటికీ 158.75 × 44.45, అక్కడ మిల్లీమీటర్ తప్పినా రేకు కూసోదు. 120 ఫ్యాను మరల నడుమ 105. గ్రాఫిక్స్ కార్డు పొడవు డబ్బా మీద చదువకు, నువ్వే కొలువు, వైరు వంగే జాగ కూడ కలుపు. టేపు కొక్కెం అరిగి అబద్ధం చెప్తది, స్టీలు స్కేలు వాడు. సామాను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ దుకాణాలల్ల కొంటనన్నవు గద, అన్నీ తెచ్చి ముందర పెట్టుకున్నంకనే కొలత మొదలుపెట్టు.

తర్వాత టీవీ వచ్చిన అట్టడబ్బాతోని నిండు సైజు పెట్టె చేయి. బోర్డును పాత పెండ్లి కార్డుల మీద పెట్టి రంధ్రాలు పెన్సిల్‌తో గుర్తు పెట్టు. అట్టపెట్టెల అన్నీ పెట్టి, మూత మూసి, తీసి, ఒక్క మర ఇప్పాలంటే చెయ్యి పోతదో లేదో చూడు. అట్ట తప్పితే పోయేదేం లేదు. తాత కట్టె తప్పితే మళ్ళ రాదు.

మొత్తం కట్టెతోని చేయకు. ఇది నా గట్టి మాట. పాత సామాన్ల దుకాణంల పనికిరాని కేబినెట్లు తూకానికి దొరుకుతయి. ఒకటి తెచ్చి, బోర్డు బిగించే రేకు, వెనుక గోడ విడదీయకుండ కోసుకో. పోర్టుల కిటికీ కొలత తప్పే భయం దాంతోనే పోతది. కోసిన అంచులకు ఆకురాయి పెట్టు, లేకుంటే వేళ్ళు తెగుతయి. రేకు వంచాల్సి వస్తే ట్రంకు పెట్టెలు చేసేటాయన దగ్గరికి పో, ఆ వంపు ఇంట్ల సుత్తెతోని రాదు. బోర్డు కింది చిన్న ఇత్తడి కాళ్ళు (స్టాండాఫ్‌లు) బోర్డుకు రంధ్రం ఉన్నతాననే ఉండాలె. రంధ్రం లేనితాన ఒక్కటి మిగిలినా వెనుక టంకం చుక్కలకు తాకి షార్టైతది. మరలల్ల రెండు మూడు రకాల చుట్లు ఉంటయి, చూస్తే ఒక్క తీరే ఉంటయి. వేలితో రెండు చుట్లు తిరుగకపోతే అది దాని మర కాదు.

ఇనుప డబ్బాలకు ఎర్త్ దానంతట అదే అంటుకుంటది, కట్టెకు అంటదు. అందుకే పవర్ సప్లయి ఒళ్ళు, బోర్డు రేకు, ముందటి బటన్ పట్టీ, లోపల ఉన్న ఇనుమంత మరలతోని ఒకదానికొకటి తాకాలె. మూడు పిన్నుల ప్లగ్గుల మూడో పిన్ను ఉత్తుత్తదైతే ఇదంత దండుగ. మీ ఇంటి ఎర్త్ గుంతల ఉప్పు, బొగ్గు వేసి ఎన్నేండ్లాయెనో. ఎండకాలం ఆ గుంత ఎండిపోతది, తడి లేని మట్టి కరెంటును గుంజదు. అప్పుడప్పుడు దాంట్ల బిందెడు నీళ్ళు పోయుమని మీ నాయినకు చెప్పు. కొత్త పెట్టెల కంప్యూటర్ నడిపియ్యకముందు నీ ఫైళ్ళన్నీ ఇంకో డిస్కుల ఎక్కించు. ఈ ఒక్కటి మాత్రం నామీద ఒట్టు.

ఇగ దర్వాజ. రెక్కలల్ల దాగిన మొలలుంటయి. పాత స్పీకర్ అయస్కాంతం దారానికి కట్టి కట్టె మీద నడిపియ్యి, ఎక్కడ గుంజితే అక్కడ మొల. పీకకుండ కోస్తే రంపం పండ్లు పోతయి. రందాను చార వెంట నడిపియ్యి, ఎదురు పోతే పొరలు లేస్తయి. టేకు పొడి ముక్కుల పోకుండ రుమాలు కట్టుకో.

రెక్కను ముక్కలు చేయకముందు మీ అమ్మను పిలిచి ఇద్దరు కలిసి ఒకటి చూడండ్రి. చట్రం నడుమ ఉన్న పలకను చేతితో ఊపండ్రి. కొంచెం కదులుతది. అది ఊసిపోయి కాదు. మీ తాత ఆ పలకను గాడిల జొప్పి, జిగురు పెట్టకుండ ఇడిసిండు. కట్టె పొడవుల పెద్దగ మారదు, అడ్డంల మారుతది, వానకాలం ఉబ్బుతది, ఎండకాలం గుంజుకుంటది. మెసిలే జాగ ఇయ్యకపోతే పగులుతది. అన్ని ఎండకాలాలు చూసిన ఆ పలక మీద ఒక్క పగులు లేదు. నువ్వు పలకలను ఇనుప చట్రానికి బిగించేటప్పుడు మర రంధ్రాన్ని గుండ్రంగ కాకుండ కొంచెం కోలగ చేయి, అంతే, ఆ పనే మళ్ళ చేసినట్టు.

పై పట్టీ మీద తాత చెక్కిన పువ్వును ముందు ముఖం మీద పెడతనన్నవు. పెట్టకు. ఫ్యాన్లకు జాగ కావాలె, పువ్వును తొలిస్తే తాత పని పోతది, తొలువకపోతే గాలి ఆగుతది. పువ్వును పక్క పలక మీద పెట్టు, కుర్చీల కూసున్న నీకు రోజు కనపడుతది.

వచ్చే శనివారం పొద్దటి బస్సుకు బయలుదేరుతున్న. తాత గుణ్యా, రందా, సన్న ఉలి సంచిల పెట్టుకున్న. అట్టపెట్టె తయారు చేసి పెట్టు. నేనొచ్చేదాక దర్వాజ మీద రంపం పెట్టకు.

మీ మామ